తెగని పిన్ను

కాగితం ముద్ద ఇనప పెట్టెను పగలగొట్టిందంటే సైమా కార్వోనెన్‌కు నమ్మబుద్ధి కాలేదు.

ఆ యంత్రం సోమవారం పొద్దున ఆమె మరమ్మతు షెడ్డుకు ట్రక్కు మీద వచ్చింది. ట్రక్కు నడిపింది క్లేటన్ పెన్‌హేల్. అల్మా లొకేషన్ అనే ఆ ఊరి బడిలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి, ఇప్పుడు ముసలివాళ్లుండే హెమ్లాక్ ఇళ్ల కమిటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. చేతిలో సుద్దముక్క లేదన్న మాటే గానీ, ఆయనకు ఊరంతా ఇంకా తరగతి గదిలాగే కనిపిస్తుంది. పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు టౌనో లెహ్తో. హెమ్లాక్‌లో మంచు తీసేదీ, కొళాయిలు బాగుచేసేదీ, తప్పిపోయిన పిల్లుల్ని వెతికి తెచ్చేదీ అతనే.

ముగ్గురూ కలిసి చెక్క పలక మీదుగా స్నోబ్లోయర్‌ను కిందికి దించారు. ముందు నోరు తెరుచుకున్న ఇనప తొట్టి, అందులో మెలికలు తిరిగిన మర, ఆ మర పోగుచేసిన మంచును పైగొట్టంలోంచి ఇరవై అడుగుల అవతలికి విసిరే పంకా. మర మధ్యలో ఉండే గేర్‌బాక్సు నిలువునా పగిలింది. దాని నల్లటి నూనె కారి తొట్టి అడుగున గడ్డకట్టింది.

"ఏం జరిగింది?" అంది సైమా, టౌనో వైపు చూస్తూ.

"గుద్దేశాడు," అన్నాడు క్లేటన్. "రాతి గట్టును గుద్దేశాడు. శనివారం పొద్దున. పొద్దున్నే ఏ ధ్యాసలో ఉన్నాడో మరి."

టౌనో యంత్రాన్ని కట్టి తెచ్చిన తాడును మోచేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. చుట్టు మీద చుట్టు, ఒక్కటీ జారకుండా.

సైమా ముందుగా ఇంజన్ స్పార్కు ప్లగ్గు తీగ పీకి పక్కకు వంచింది. అది పీకకుండా తొట్టిలోకి చెయ్యి పెట్టడం ఆమెకు చేతకాదు. ఇంజన్ ఆగినా మరలో బిగువు మిగిలి ఉంటుందని, అడ్డం తియ్యగానే అది ఒక్క విదిలింపు విదిలిస్తుందని ఆమెకు బాగా తెలుసు. మా ఊళ్లో మర తినగా మిగిలిన మూడు వేళ్లతో కాఫీ కప్పు పట్టుకునే మగాళ్లను లెక్కపెట్టడానికి నాకు రెండు చేతులూ కావాలి. తర్వాత ఆమె వంగి చూసింది. ఎడమ పక్క మరకూ తొట్టి గోడకూ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. బూడిదరంగు ముద్ద, రాయిలా గట్టిగా ఉంది. గోటితో గీకితే అక్షరాలు కనిపించాయి.

"పేపరు," అంది.

"ఏదైతేనేం," అన్నాడు క్లేటన్. "నాలుగేళ్లలో ఇది మూడో రిపేరు. గురువారం పదింటికి కమిటీ కూర్చుంటుంది. ఎందుకు విరిగిందో నువ్వు నాలుగు ముక్కలు రాసియ్యి సైమా. అజాగ్రత్త అని నువ్వు రాస్తే తీర్మానం సులువవుతుంది. పట్నం నుంచి లారీ వాళ్లొచ్చి మంచు తోసేసి పోతారు."

"మరి టౌనో?"

"టౌనోకి అన్నీ చెప్పాను. పని లేనప్పుడు కింద వాటా ఖాళీ చెయ్యాలి కదా. అది పనివాడి వాటా. వచ్చే నెలాఖరు దాకా టైమిస్తాం, మేమేం రాక్షసులం కాదు."

మనిషి పక్కన ఉండగానే అతని గురించి ఇలా మాట్లాడటం సైమాకు ఒళ్లు మండించింది. టౌనో మాత్రం తాడు చుట్టడం ముగించి, కొస ముడేసి, ట్రక్కు మూలన పెట్టాడు. పద్నాలుగేళ్లుగా ఆ కింద వాటాలో ఉంటున్నాడు. వెళ్లే ముందు సైమా కళ్లలోకి ఒకసారి చూశాడు. ఆ చూపు ప్రాధేయపడుతున్నట్టు లేదు. ఏదో తెలుసుకోవాలన్నట్టు ఉంది. అదేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

*

మంగళవారం సైమా యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పింది.

పేపరు ముద్దను కట్టెల పొయ్యి పక్కన బకెట్లో కరగబెట్టింది. గేర్‌బాక్సు విప్పి, లోపలి ఇత్తడి చక్రాన్ని గుడ్డతో తుడిచి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఆరు పళ్లు నున్నగా ఊడిపోయాయి. మిగతావి కొత్తగా ఉన్నాయి. పాతబడి అరిగిపోతే అన్నీ సమానంగా అరుగుతాయి. ఇది ఒక్క దెబ్బకు ఊడింది.

ఆమెను తొలిచేస్తున్న సంగతి వేరే. మరకు అటొకటి ఇటొకటి రెండు పిన్నులుంటాయి. చిటికెన వేలంత పొడుగు. మరను ఇరుసుకు పట్టి ఉంచేవి అవే. వాటిని కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. మరకు రాయో మంచుగడ్డో తగిలితే ఆ పిన్ను పుటుక్కున తెగాలి. మర ఆగిపోతుంది, ఇరుసు ఖాళీగా తిరుగుతుంది, గేర్‌బాక్సు బతుకుతుంది. రెండు నిమిషాల్లో కొత్త పిన్ను వేసుకుని పని చేసుకోవచ్చు. కాగితం ముద్ద మరను పట్టేసిందంటే పిన్ను తెగి తీరాలి. ఇక్కడ పిన్ను చెక్కు చెదరలేదు, గేర్‌బాక్సు పగిలింది. దొంగ వస్తే కుక్క పడుకుని, ఇంటాయన మొరిగినట్టుంది.

మర తుప్పు పట్టి ఇరుసుకు అతుక్కుపోయి ఉంటుంది, అనుకుంది. అలా అతుక్కుంటే దెబ్బ పిన్ను దాకా రాదు, అది తెగదు. నట్టు ఊడదీసి, పిన్నును సుత్తితో కొట్టి బయటికి తోసింది. ఎందుకో మొండికేసింది. నాలుగు దెబ్బలకు గానీ రాలేదు. దాన్ని బల్ల మీద పడేసి, మరను చేత్తో తిప్పింది. వేలితో తోస్తే చాలు, గిర్రున తిరిగింది. తుప్పు ఛాయల్లేవు.

"అయితే ఇదీ కాదు," అని పైకే అనుకుంది. ఇలాంటప్పుడు ఆమెకు ఆకలి తెలీదు. తెచ్చుకున్న మాంసం కూరిన కజ్జికాయ పొయ్యి మీద వేడెక్కి, మాడి, వాసనేస్తున్నా చూసుకోలేదు.

మధ్యలో పోస్టాఫీసు కుర్రది ఒకతె తన యంత్రం స్టార్టవ్వట్లేదని తెచ్చింది. ట్యాంకు మూత తియ్యగానే సైమా ముక్కు మూసుకుంది. పోయిన ఏడాది పెట్రోలు. వార్నిష్ కంపు కొడుతోంది.

"ఏప్రిల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టమన్నానా లేదా?"

"అన్నావు."

"చేశావా?"

"నువ్వు బాగు చేస్తావని చెయ్యలేదు," అంది ఆ పిల్ల. సైమాకు నవ్వొచ్చింది. కార్బురేటరు కడగడానికి రెండు రోజులు పడుతుందని చెప్పి పంపేసింది.

మధ్యాహ్నం కోటు తొడుక్కుని హెమ్లాక్‌కు నడిచింది. ఎక్కడ గుద్దాడో కళ్లారా చూడాలనిపించింది. నిజానికి రిపేరు చేసేవాళ్లకు అది అనవసరం. కానీ సైమాకు చిన్నప్పటి నుంచీ అదే జబ్బు. గడియారం ఆగితే సరిచేయించుకుని ఊరుకోదు, ఎందుకు ఆగిందో చెప్పమంటుంది.

గేటు దగ్గరి వాటాలో ఎనభై ఎనిమిదేళ్ల లైనా ఉంటుంది. ఆమె కుర్చీ కిటికీకి అతుక్కుని ఉంటుంది. సైమా గేటు దాటేలోపే ఆమె కిటికీ అద్దం మీద ఉంగరంతో టకటకా కొట్టింది.

"ఏమే పిల్లా, నేను చచ్చానో బతికానో చూడ్డానికొచ్చావా? రా లోపలికి. కాఫీ తాగితేగానీ ఒక్క ముక్క చెప్పను."

"నేనేం అడగలేదుగా ఇంకా."

"అడుగుతావుగా. మొహం చూస్తే తెలీదూ?"

యాలకుల రొట్టె రెండు ముక్కలు తిన్నాకే లైనా విషయంలోకి వచ్చింది.

"రోడ్డు మీద మంచు తోసే బండి పొద్దున్నే పోతూ పోతూ గడ్డలన్నీ మన గేటుకు అడ్డంగా పోసిపోయింది. రోజూ ఉండే భాగోతమే. టౌనో వచ్చాడు. నత్త నయం. ఒకేసారి నోరంతా పెట్టడు, సగం సగం కోస్తాడు. గొట్టం అటు తిప్పాడు, నా కిటికీ మీద పడకుండా. ఉన్నట్టుండి ఠప్పుమంది. వెంటనే రెండు చేతులూ పైకెత్తేశాడు, పోలీసోడు తుపాకీ చూపించినట్టు."

"లివర్లు వదిలేశాడన్న మాట. వదిలితే మర ఆగుతుంది."

"ఏమో, నీకే తెలియాలి. తాళం తీశాడు. ఓ తీగ పీకాడు. తర్వాత నిలబడ్డాడు. పెదాలు కదుల్తున్నాయి. మొదట్లో నేను ప్రార్థన చేస్తున్నాడనుకునేదాన్ని. ప్రార్థన కాదు, లెక్క. ముప్పై దాకా లెక్కపెట్టి, అప్పుడు కర్ర పెట్టి పొడుస్తాడు. ఏనాడూ చెయ్యి పెట్టి ఎరగడు."

"రాతి గట్టుకు తగిలిందంటున్నారు మాస్టారు."

లైనా కిటికీలోంచి వేలు చూపించింది. "గట్టు అదిగో, అటు పక్క. టౌనో నిలబడింది ఇటు పక్క. లెక్కలు చెప్పాడుగా, ఆయనకి కుడీ ఎడమా కూడా తెలీదా?" ఆపై గొంతు తగ్గించి, "నా శనివారం పేపరు రాలేదు పిల్లా. ఆ మరలో పడింది నాదే అయ్యుంటుంది. పోయినవాళ్ల పేజీ ఏమైనా మిగిలిందా?" అంది.

"తడిసి ముద్దైంది."

"ఆరబెట్టు. ఎవరు పోయారో తెలీకపోతే నాకు వారమంతా తోచదు."

బయటికొచ్చేసరికి టౌనో గేటు దగ్గర చేటలాంటి పెద్ద పారను రెండు చేతులా తోస్తూ కనిపించాడు. యంత్రం లేదు కాబట్టి చేత్తోనే తీస్తున్నాడు. అరవై రెండేళ్లు. రాత్రి కురిసింది మోకాలి లోతు. నడుం మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగి, మళ్లీ తోశాడు. సైమా పలకరించబోయి, ఇంకా చెప్పడానికేమీ లేదని గుర్తొచ్చి, చెయ్యూపి వెళ్లిపోయింది.

*

బుధవారం పొద్దున బల్ల మీద పడేసిన పిన్ను మళ్లీ ఆమె కంటబడింది.

ఊరికే, చేతికి పని కోసం, ఆకురాయి తీసుకుని దాని మీద ఒక గీత గీసింది. మెత్తటి ఇనుమైతే ఆకురాయి కొరుకుతుంది, తెల్లటి గాటు పడుతుంది. ఇది కొరకలేదు. జర్రున జారింది. సైమా ఇంకోసారి, గట్టిగా గీసింది. మళ్లీ జారింది.

దీపం దగ్గరికి తీసుకెళ్లి తల వైపు చూసింది. నూనె మరక తుడిస్తే ఆరు గీతలు బయటపడ్డాయి, పువ్వు రేకుల్లా. అది పిన్ను కాదు. బోల్టు. అదీ మామూలు బోల్టు కాదు, ట్రాక్టర్లకు వేసే గట్టి రకం. ఏనుగు లాగినా తెగదు. పిన్నుకూ దానికీ లావొకటే, పొడవొకటే. కన్నంలో చక్కగా పట్టేస్తుంది.

ఇంకేముంది, తేలిపోయింది. మా వైపు ఈ తప్పు చెయ్యని మగాడు అరుదు. చలికాలంలో పిన్నులు పదే పదే తెగుతాయి. చేతులు కొంకర్లు పోతుంటే మోకాళ్ల మీద కూర్చుని పిన్ను మార్చాలి. మూడోసారికి విసుగొచ్చి, డబ్బాలో దొరికిన గట్టి బోల్టు బిగించి, 'ఇక నీ దిక్కున్న చోట చెప్పుకో' అంటారు. ఆ ఏడాది హాయిగా గడుస్తుంది. ఆ తర్వాత సైమాకు గేర్‌బాక్సులు అమ్ముడుపోతాయి.

"టౌనో, నువ్వు కూడానా," అంది పైకి. నిన్నంతా అతని పక్షాన ఉన్న మనసు ఒక్కసారి కుంగింది. ముప్పై దాకా లెక్కపెట్టే మనిషి, సగం సగం కోసే మనిషి, ఈ పని చేశాడా? అంటే మాస్టారు చెప్పిందే నిజమా? కోపం కంటే ముందు బాధ కలిగింది ఆమెకు. తాను మనిషిని సరిగ్గా చూడలేదేమో అనిపించింది.

కాగితం తీసి పైన తేదీ వేసింది. 'తెగాల్సిన పిన్ను స్థానంలో' అని రాసి ఆగింది. రెండో పిన్ను ఇంకా ఊడదీయలేదు. సగం చూసి రాయడం పద్ధతి కాదని కుడి పక్కదీ కొట్టి తీసింది. అదీ అదే బోల్టు. దాన్ని తుడవబోయి చెయ్యి ఆపింది. బోల్టు మీద, కన్నం లోపల, రాగి రంగు గ్రీజు పల్చగా, సమంగా పూసి ఉంది. నట్టు కింద రెండు వాషర్లున్నాయి. బోల్టు తల ఆపరేటర్ వైపుకు తిరిగి ఉంది, నిలబడి చూస్తే కనబడేలా.

అల్మా లొకేషన్‌లో రాగి గ్రీజు కొనేది ఒకే ఒక్క మనిషి. మర తుప్పు పట్టకూడదని, ఇరుసుకు అతుక్కోకూడదని, ప్రతి యంత్రానికీ చిన్న బ్రష్‌తో పూసేది ఒకే ఒక్క మనిషి. రెండు వాషర్లు వేసేదీ ఆమే.

సైమా లేచి గోడకున్న మేకు నుంచి శరదృతువు పని చీటీల కట్ట తీసింది. హెమ్లాక్ చీటీ అక్టోబరు మూడో వారంలో దొరికింది. నూనె మార్చాను, బెల్టు బిగించాను, పిన్నులు కొత్తవి వేశాను. అక్షరాలు తనవే.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆ వారం పిన్నుల పెట్టె రాలేదు. మొదటి మంచు ముంచుకొస్తోందని రేడియో చెబుతోంది. జనం షెడ్డు ముందు వరస కట్టారు. అరలు వెతికి చూస్తే అదే లావున్న బోల్టులు కనిపించాయి. ప్రస్తుతానికి ఇవి వేసి, పెట్టె రాగానే అందరినీ పిలిచి మారుద్దామనుకుంది. పెట్టె పది రోజులకు వచ్చింది. అప్పటికే మంచు పడింది, కొత్త రిపేర్లు వచ్చిపడ్డాయి. ఎవరినీ పిలవలేదు. ఆ పెట్టె ఇప్పటికీ పై అరలో, సీలు కూడా తియ్యకుండా ఉంది.

ఆ వారం చీటీలు లెక్కపెట్టింది. పద్నాలుగు. పద్నాలుగు యంత్రాల్లో ఈ బోల్టులే ఉన్నాయి. ఒకటి ఇక్కడ బల్ల మీద ఉంది. మిగతా పదమూడు ఊళ్లో తిరుగుతున్నాయి.

సైమా స్టూలు మీద కూలబడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సిగ్గు వెనకే భయం వచ్చింది. ఈ సంగతి తెలిస్తే ఊళ్లో ఎవడు తన దగ్గరికి యంత్రం తెస్తాడు?

అప్పుడే ఫోను మోగింది. క్లేటన్.

"రాశావా సైమా?"

"రాస్తున్నాను మాస్టారూ."

"చూడమ్మాయ్, నాకేం అతని మీద కక్ష లేదు. యంత్రమే పాతబడి విరిగిందనుకో, అలాగే రాయి. అప్పుడు తీర్మానం వెనక్కి తీసుకుంటా. ఏదో ఒకటి తేలాలి, అంతే."

ఫోను పెట్టేశాక సైమా చాలాసేపు ఆ మాటే నెమరేసుకుంది. 'పాతబడి విరిగింది.' రెండు ముక్కలు. టౌనో పని నిలబడుతుంది, వాటా నిలబడుతుంది, తన షెడ్డు నిలబడుతుంది. బోల్టులు ఎవరూ చూడలేదు. మిగతా పదమూడూ ఏదో వంకతో తెప్పించుకుని ఒక్కొక్కటే మార్చెయ్యొచ్చు.

ఆమె కోటు కూడా సరిగ్గా తొడుక్కోకుండా హెమ్లాక్‌కు నడిచింది.

*

టౌనో గేటు దగ్గరే ఉన్నాడు. పార మంచులో గుచ్చి, టోపీ తీసి తల తుడుచుకున్నాడు. తలలోంచి ఆవిరి లేస్తోంది.

సైమా జేబులోంచి బోల్టు తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

టౌనో దాన్ని చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"దొరికిందా," అన్నాడు.

"నీకు తెలుసా?"

"శనివారం తెలిసింది. పిన్ను తెగలేదేంటా అని వంగి చూశాను. తల మీద గీతలు కనబడ్డాయి."

"మరి సోమవారం నా షెడ్డులో నిలబడి తాడు చుట్టుకుంటావేం? మాస్టారు అన్నన్ని మాటలంటుంటే?"

మాట్లాడటం టౌనోకు అలవాటు లేని పని. మాటలను కూడా సగం సగమే కోసుకుంటూ వచ్చాడు.

"యంత్రాన్ని డీలరు దగ్గరికి పంపుదాం అన్నాడు మాస్టారు. నేనే, వద్దు, సైమా దగ్గరికే అన్నాను. నువ్వే విప్పుతావు. నువ్వే చూస్తావు. నీ పని గురించి నువ్వు చెప్పాలి గానీ, నేను చెప్తే ఏం బాగుంటుంది?"

"నేను చూడకపోతే?"

"చూస్తావు. చూడకుండా ఉండలేవు నువ్వు."

సైమా ఏదో ఒకటి అనాలని, "ముందే ఎందుకు చెప్పలేదు? ఇన్నాళ్లూ ఒక్క పిన్ను కూడా తెగలేదని నీకు అనుమానం రాలేదా?" అంది. ఆ మాటలో కొంచెం నింద కూడా ఉంది. అంటూనే ఆమెకు తెలిసింది.

"నవంబర్లో అడిగాను కదా."

"నన్నా?"

"నూనె కొనడానికొచ్చాను. ఈ ఏడాది పిన్ను ఒక్కటీ తెగలేదు సైమా, ఇది మంచిదేనా అని అడిగాను. నువ్వు చేతిలో పని ఆపకుండానే నవ్వావు. ఇన్నాళ్లకు నీకు నడపడం వచ్చింది టౌనో, అన్నావు."

అవును. అలాగే అంది. అతని మొహం కూడా చూడకుండా అంది. షెడ్డులో ఇంకెవరో ఇద్దరుంటే వాళ్లు కూడా నవ్వారు. టౌనో నూనె డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె కార్బురేటరు నుంచి తల పైకెత్తి ఉంటే, ఇవాళ ఈ మనిషి నడుం విరుచుకుంటూ పార తొయ్యాల్సిన పని ఉండేది కాదు.

"మాస్టారు ఫోన్ చేశారు," అంది చివరికి. "పాతబడి విరిగిందని రాస్తే ఊరుకుంటాట్ట."

టౌనో పార పిడి పట్టుకున్నాడు. "పన్నెండేళ్ల యంత్రం. పాతదే కదా. రాయి. నాకేం అభ్యంతరం లేదు."

"ఆ పళ్లు పాతబడి ఊడలేదు టౌనో."

"నాకు తెలుసు. నీకు తెలుసు. చాలదా?"

తనను వచ్చే నెలాఖరుకు రోడ్డు మీదికి గెంటెయ్యబోయిన తప్పును అతను మట్టి మీద మంచు కప్పినట్టు కప్పెయ్యమంటున్నాడు, ఆమె కోసం. సైమా బోల్టును జేబులో వేసుకుంది. షెడ్డు వైపు నడిచింది.

*

గురువారం పదింటికి హెమ్లాక్ భోజనాల గదిలో కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ఐదుగురు. వాళ్లు కాక, పిలవకుండానే లైనా వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో అల్లికతో కూర్చుంది. టౌనో గోడకానుకుని నిలబడ్డాడు. క్లేటన్ కళ్లద్దాలు పెట్టుకుని, ముందే టైపు చేసి తెచ్చిన కాగితాలు సర్దుకున్నాడు.

"మూడో అంశం. సైమా, నీ చీటీ."

"చీటీ రాయలేదు మాస్టారూ. చెప్తాను."

ఆమె రెండు బోల్టులూ, పక్కన ఒక అసలు పిన్నూ బల్ల మీద పెట్టింది. ఆకురాయి తీసి పిన్ను మీద గీసింది. తెల్లటి గాటు పడింది. బోల్టు మీద గీసింది. పడలేదు. ఐదుగురూ ముందుకు వంగి చూశారు.

"ఇది తెగాలి. ఇది తెగదు. తెగనిది పెట్టబట్టి గేర్‌బాక్సు పగిలింది. మరలో పడింది రాయి కాదు, పేపరు చుట్ట."

"నా పేపరు," అంది లైనా అల్లిక ఆపకుండా.

క్లేటన్ కళ్లద్దాల పైనుంచి టౌనోను చూశాడు. మొహంలో జాలి, దానితోపాటు కాస్త గెలుపు. "అయితే ఈ బోల్టులు పెట్టిందెవరు? నేను చెప్పిందీ అదే కదా. అజాగ్రత్త."

"పెట్టింది నేను," అంది సైమా. "అక్టోబర్లో. పిన్నులు రాలేదని ఇవి వేశాను. వచ్చాక మార్చలేదు. మర్చిపోయాను. నవంబర్లో టౌనో వచ్చి అడిగాడు కూడా. నేనే వినిపించుకోలేదు. తప్పు నాది. గేర్‌బాక్సు నేనే వేసిస్తాను."

గదిలో లైనా అల్లిక సూదుల చప్పుడు ఒక్కటే మిగిలింది. తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది సైమాకు.

"ఇంకోటి. ఆ వారం ఇలాంటివి పద్నాలుగు యంత్రాలకు వేశాను. మీదీ అందులో ఉంది మాస్టారూ."

క్లేటన్ కళ్లద్దాలు తీసేశాడు. "నాదా? పొద్దున్నే నడిపాను నేను."

"రోడ్డు బండి తోసిన గడ్డల్లోకి పెట్టకండి. నేనిప్పుడే వచ్చి మారుస్తాను."

ఆయన తన ముందున్న కాగితాన్ని ఒకసారి చూసుకుని, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. మూడో అంశం గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆయన చేత క్షమాపణ చెప్పించుకోవాలని ఎవరైనా ఎదురుచూసి ఉంటే వాళ్లకు నిరాశే మిగిలి ఉంటుంది. మాస్టార్లకు ఆ పాఠం చెప్పేవాళ్లుండరు.

గంట తర్వాత ముగ్గురూ క్లేటన్ ఇంటి గరాజులో ఉన్నారు. టౌనోను ఎవరూ రమ్మనలేదు. సుత్తి పట్టుకుని తనే వెంట వచ్చాడు. క్లేటన్ యంత్రం ఎంత బాగా నడుస్తోందో చూపిద్దామని తాడు లాగి స్టార్టు చెయ్యబోతే, సైమా చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల వద్దు మాస్టారూ. తలుపు తీసున్నా పొగ లోపలే ఉంటుంది. అందులో ఉండే విషవాయువుకు వాసన కూడా ఉండదు, మనిషి కూర్చున్నచోటే ఒరిగిపోతాడు. బయటికి తోశాకే స్టార్టు చెయ్యాలి."

క్లేటన్ తాడు వదిలేశాడు. సైమా ప్లగ్గు తీగ పీకి, మోకాళ్ల మీద కూర్చుంది. టౌనో మరను కదలకుండా పట్టుకున్నాడు. మొదటి బోల్టు మూడు దెబ్బలకు వచ్చింది. క్లేటన్ దాన్ని తీసుకుని, సైమా తెచ్చిన పిన్నుల పెట్టెలోంచి కొత్తదొకటి తీసి, రెండు చేతుల్లో రెండూ పెట్టుకుని చాలాసేపు బరువు చూశాడు.

"ఇది తెగితే సంతోషించాలా?"

"సంతోషించి ఇంకోటి వేసుకోవాలి. అయిదు ఇస్తున్నాను, హ్యాండిలుకు కట్టుకోండి."

"విచిత్రంగా ఉందే," అన్నాడు క్లేటన్. బడిలో ఎవరూ చూడని మొహం అది. కాసేపటికి టౌనో వైపు తిరిగాడు. "సోమవారమే చెప్పి ఉండొచ్చుగా నువ్వు? నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డావు."

టౌనో మరను వదల్లేదు. "మీరు అడగలేదు మాస్టారూ. తీర్మానం టైపు చేసుకొచ్చారు."

సైమా తల వంచుకునే రెండో బోల్టు కొట్టింది. ఆ మాట సగం తనకూ తగిలింది. అక్టోబరులో బోల్టులు వేసినందుకు కాదు, నవంబరులో అతను అడిగితే తలెత్తనందుకు.

క్లేటన్ మెల్లగా ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చున్నాడు, టౌనో మొహం కనబడేలా. చేతిలో బోల్టు, పిన్ను ఇంకా అలాగే ఉన్నాయి.

"సరే. ఇప్పుడడుగుతున్నాను. శనివారం ఏం జరిగింది?"

టౌనో సైమా వైపు చూశాడు. ఆమె కొత్త పిన్నులు రెండూ బిగించి, నట్లు వేసి, లేచింది. అతను మరను వదిలి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టాడు. పొద్దున వాతావరణం దగ్గర్నుంచి. పొడి మంచు ఎలా లేస్తుందో, తడి మంచు గొట్టంలో ఎలా కూరుకుపోతుందో, బండి తోసిన గడ్డలను ఎందుకు సగం సగం కొయ్యాలో. క్లేటన్ మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తున్నాడు, నిజంగా తెలియక వేసే ప్రశ్నలు. చీపురు పుల్లతో నేల మీద మర బొమ్మ గీయమన్నాడు. టౌనో గీస్తున్నాడు.

సైమా పిన్నుల పెట్టె చంకన పెట్టుకుని, సుత్తి తీసుకుని బయటికి నడిచింది. ఇద్దరూ గమనించలేదు. ఎదురింట్లో రెండో యంత్రం ఉంది. మళ్లీ మంచు మొదలైంది. మెట్ల మీద బూట్లు దులుపుకుని తలుపు కొట్టింది. తలుపు తీసేలోగా, ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఒకసారి అనుకుని చూసుకుంది. నాది తప్పు అని మొదలుపెడితేనే సులువుగా ఉంది.